కుడి చిటికెనవేలికి సెలవు

లాప్‌టాప్ కొనడానికి దుకాణానికి వెళ్తే నేను మొదట చేసే పని కళ్ళు మూసుకోవడం. మొన్న బెంగళూరులోనూ అలాగే మూసుకున్నాను. సేల్స్ అమ్మాయి స్క్రీన్ ఎంత పలుచనో, బరువు ఎంత తక్కువో చెబుతూనే ఉంది. నేను వినడం లేదు. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి తడుముతున్నాను. ఎడమవైపు కింది మూలలో కంట్రోల్ కీ ఉందా, లేక ఎఫ్ఎన్ కీ వచ్చి దాని చోట కూర్చుందా? డిలీట్ కీ చూడకుండా దొరికేటట్టు మూలకు ఉందా, లేక పవర్ బటన్ పక్కన నక్కి ఉందా? పై బాణం, కింద బాణం దేనికది విడిగా ఉన్నాయా, లేక రెండూ ఒకే గూట్లో ఇరుక్కున్నాయా? హోమ్, ఎండ్ కీలు అసలు ఉన్నాయా?

అన్నీ బాగానే ఉన్నాయి. అంతలో నా ఎడమ చిటికెనవేలు, నేను చెప్పకుండానే, ఎడమ షిఫ్ట్ కీ పక్కకు జరిగి ఇంకో కీని వెతికింది. అక్కడ అలాంటి కీ లేదు. మన దేశంలో అమ్మే లాప్‌టాప్‌లలో ఉండదు కూడా. ఆ సంగతి నా తలకు తెలుసు, వేలికి మాత్రం ఇన్నేళ్ళయినా తెలియలేదు. నాకు నవ్వాగలేదు. నిలుచున్నచోటే పకపకా నవ్వేశాను.

"ఏమైంది మేడమ్?" అని ఆ అమ్మాయి కంగారు పడింది.

"ఏం లేదమ్మా, మా అక్క గుర్తొచ్చింది" అన్నాను.

అక్క అంటే తోబుట్టువు కాదు. బెంగళూరు వైపు చింతామణి ఊళ్ళో కంప్యూటర్ క్లాసు నడిపిన మనిషి. డిగ్రీ అయ్యాక మా ఊరు మిట్టేమరి నుంచి వచ్చి పిన్ని ఇంట్లో ఉంటూ, ఆమె దగ్గర పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరాను. అది రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల మాట. ఆమె పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు చదివి ఆమెకు చెబుతారు. ఆమె ఫోన్ చేసి, ఫలానా కీ గురించి తప్పు రాశావని నన్ను వాయించేస్తుంది. ఫోన్ పెట్టేసరికి నా చెవి వేడెక్కిపోతుంది.

అక్క మాట ఆగిపోవడం నేను చూసింది ఒక్కసారే. ఆ సంగతి చివర చెబుతాను. మిగతా అన్ని వేళలా మాట్లాడుతూనే ఉండేది. అదీ మామూలుగా కాదు, ఇప్పుడే ఏదో కనిపెట్టి పరుగున వచ్చిన మనిషిలా మాట్లాడేది. చీర కొంగు నడుముకు దోపి, కళ్ళద్దాలు నెత్తికి ఎక్కించి, "ఏమ్మే, ఈ మాట విను!" అని మొదలుపెడితే ఎదుటి మనిషి చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టాల్సిందే. చేరిన మొదటి రోజే నా కుడిచేయి పట్టుకుని, చిటికెనవేలు పైకెత్తి చూపించింది.

"ప్రోగ్రాం రాసేది తలకాయ అనుకుంటాండావా? కాదు. ఇది. సెమికోలన్ ఇదే కొట్టల్ల, కొటేషన్ ఇదే కొట్టల్ల, బ్రాకెట్లు, ఎంటరు, బ్యాక్‌స్పేసు, షిఫ్టు... అన్నీ దీని నెత్తినే. మిగతా వేళ్ళన్నీ ఊరేగింపులో ఊరకే నడిచేవాళ్ళ మాదిరి!"

అన్నదే కాదు, ఆముదం తెచ్చి నా చిటికెనవేలికి రాసింది కూడా. ఉద్యోగంలో చేరిన రోజు స్వీటు పెట్టేవాళ్ళను చూశాను కానీ ఆముదం రాసిన మనిషిని ఈమెనే చూశాను.

ఎవరి కంప్యూటర్ కనిపించినా అక్క ముందు కీబోర్డే చూసేది. బ్యాంకుకు వెళ్తే కౌంటర్ మీదికి వంగి లోపలికి తొంగిచూసేది. ఒకసారి గుమస్తాను నిలదీసింది. "సార్, మీ ఎంటర్ కీ చిన్నగా ఉండాది. మీకు కుడి భుజం నొప్పి ఉండాదా?" ఆయన పెన్ను కింద పెట్టి, "ఉండాదమ్మా, మీకెట్ల తెలిసె?" అన్నాడు. అక్క నా వీపు మీద చరిచిన చరుపు ఇంకా గుర్తుంది. ఇంకోసారి బాగేపల్లి సైబర్ సెంటర్‌లో అదే ప్రశ్న అడిగితే ఆ యజమాని, "నాకే నొప్పీ లేదమ్మా, దుక్కలాగుండా" అన్నాడు. అక్క ఏమాత్రం తగ్గలేదు. "వస్తాదిలే, యాడికి పోతాది" అంది. ఆయన మళ్ళీ ఎప్పుడు మమ్మల్ని చూసినా భుజం తడుముకునేవాడు.

మా క్లాసు అక్క వాళ్ళ అన్న నడిపే చింతపండు మండీ పైన ఉన్న గదిలో. మెట్లెక్కుతుంటేనే పులుపు వాసన. పైన మేడ మీద అక్క సున్నంతో పెద్ద ముగ్గు వేసింది. చూసినవాళ్ళు దసరా ముగ్గు అనుకునేవారు. దగ్గరికి వస్తే కీబోర్డు. ఒక్కో కీ ఒక్కో బండంత. కొత్తగా చేరినవాళ్ళు ముందు కుర్చీలో కూర్చోకూడదు. మేడ ఎక్కి, తొక్కుడుబిళ్ళ ఆడినట్టు ఒక కీ నుంచి ఇంకో కీకి దూకుతూ పదాలు రాయాలి. చింతామణి వ్యాపారస్తుల ఆడపిల్లలు పావడాలు ఎత్తిపట్టుకుని పి, ఆర్, ఐ, ఎన్, టి, ఎఫ్ అని అరుస్తూ దూకుతుంటే కింద మండీలో హమాలీలు మూటలు దించడం మానేసి పైకి చూసేవారు. దూకి దూకి ఆయాసం వచ్చిన పిల్లతో అక్క ఉత్సాహంగా, "చూసినావా పాపా, దూరం అంటే ఏమని కాళ్ళకు తెలిసెనా? చేతికీ అంతే ఆయాసం. అది చెప్పదు, పాపం!" అనేది.

ఆమె లాప్‌టాప్ సంగతి వేరే. ఊళ్ళో అలాంటి వస్తువు ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. వాళ్ళ అన్న తెలిసినవాళ్ళ ద్వారా బెంగళూరులో వాడేసినదాన్ని తెప్పించాడు. తెరిచి చూస్తే దాని మీది అక్షరాలు మనం ఎరిగినవి కావు. వై ఉండాల్సిన చోట జెడ్ ఉంది, జెడ్ చోట వై ఉంది. అది జర్మనీ నుంచి వచ్చిన సరుకు. అన్న మోసపోయానని తల పట్టుకున్నాడు. అక్క మాత్రం ఎగిరి గంతేసింది.

"అన్నా, నువ్వు తెలీక బంగారం తెచ్చినావు! ఈ కీల మీద రాసిండేదంతా అబద్ధం. లోపల ఇంగ్లీషు పెట్టుకుంటా. చూసి కొట్టేవాళ్ళంతా తప్పులో పడతారు, చూడకుండా కొట్టేవాళ్ళే గెలుస్తారు. పిల్లోళ్ళకు ఇంతకన్నా మంచి మేష్ట్రు యాడ దొరుకుతాడు?"

పిల్లలు దానికి అబద్ధాల కంప్యూటర్ అని పేరు పెట్టారు. దాంట్లో రెండు కీల గురించి చెప్పాలి. ఎల్ కీ పక్కన మనకు సెమికోలన్ ఉంటుంది కదా, అక్కడ సున్నా లాంటి అక్షరం, దాని నెత్తిన రెండు చుక్కలు అచ్చువేసి ఉన్నాయి. అక్క దాన్ని కళ్ళున్న సున్నా అనేది. బొమ్మ ఏదైనా, నొక్కితే సెమికోలనే పడేది. సి భాషలో రాసే ప్రతి వాక్యం చివరా సెమికోలన్ పడాల్సిందే. అది లేకపోతే కంప్యూటర్ మాట ముగియలేదని మొరాయిస్తుంది. అందుకని కీబోర్డులో అక్కకు అన్నిటికన్నా ఇష్టమైన కీ అదే. లైను ముగియగానే దాన్ని టక్కుమని కొట్టి, తాళం వేసిన విద్వాంసుడిలా చేయి గాల్లోకి లేపేది. గదిలో ఎక్కడున్నా ఆ టక్కు వినిపించేది.

రెండోది ఎడమ షిఫ్ట్ పక్కన ఉన్న అదనపు కీ. మన కీబోర్డుల్లో ఉండదు. ఇంకోచోట ఉన్న కీ చేసే పనే ఇదీ చేస్తుంది. దీనికి చోటివ్వడం కోసం పాపం షిఫ్ట్ కీ సగమైపోయింది. అక్క దీన్ని సీటు దొంగ అని తిట్టేది. "బస్సులో సీటు మీద సంచి పెట్టుకుని, మనిషి వస్తాడు అంటాడు చూడు, వాడే వీడు. పనీ లేదు పాటా లేదు" అని పొరపాటున వేలు తగిలిన ప్రతిసారీ దాన్ని మొట్టినట్టు కొట్టేది.

ఆ ఏడు చింతపండు బాగా కాస్తుందని అన్నకు ముందే తెలిసిపోయింది. మూటలు పెట్టడానికి పై గది కావాలన్నాడు. అన్న చెడ్డవాడు కాదు. కాయ కోతకు వచ్చేదాకా ఉండమన్నాడు, ఆ తర్వాత క్లాసు మూసేసి మండీలో కూర్చోమన్నాడు. అక్క ఆ మాట విని పైకి నవ్వింది కానీ ఆ రోజంతా ముగ్గు కీబోర్డు చుట్టూ ఊరికే తిరిగింది. నాకు చూడబుద్ధి కాలేదు.

అంతలో చిక్కబళ్ళాపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్ పాఠాలు కొత్తగా మొదలుపెడుతున్నారని, చెప్పేవాళ్ళు కావాలని తెలిసింది. అక్క అర్జీ పెట్టింది. పిలుపు వచ్చింది. దసరా అయిన మరుసటి రోజు రమ్మన్నారు. కాలేజీకి కంప్యూటర్లు ఇంకా రాలేదు కాబట్టి సొంత యంత్రం తెచ్చుకుని, చేసిన ప్రోగ్రాం చూపించి, వాళ్ళు అడిగిన మార్పు వాళ్ళ ముందే చేయాలి. ఉద్యోగం వస్తే సాయంత్రాలు కాలేజీలోనే మా క్లాసు నడుపుకోవచ్చు. రాకపోతే మండీ. కాలేజీలో పిల్లలు చేరేటప్పుడు వివరాలు రాసుకునే ప్రోగ్రాం ఒకటి అక్క చేసి, దాన్ని ఎన్నిసార్లు నడిపి చూసిందో దేవుడికే తెలుసు.

మహర్నవమి నాడు మా వైపు ఆయుధపూజ. కత్తి, కొడవలి, తక్కెడ, లారీ, కుట్టుమిషను, మనిషికి అన్నం పెట్టేదేదైనా ఆ రోజు పని మానేసి పూజ చేయించుకుంటుంది. అక్క వాళ్ళమ్మ తెల్లారే తలస్నానం చేసి మండీలో ఉన్న ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టింది. అన్న క్లాసు మూయమంటే వద్దని అడ్డుపడింది ఇంట్లో ఆమె ఒక్కతే. కూతురు ప్రోగ్రాం రాస్తుంటే పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీసేది. ఏం రాస్తున్నావని ఏనాడూ అడగలేదు. "నువ్వు టకటకలాడిస్తా ఉంటే నాకు పని సాగుతాదమ్మణ్ణీ" అనేది. అలాంటి తల్లి కూతురి యంత్రాన్ని వదిలేస్తుందా?

మేమిద్దరం పై గదిలో కంప్యూటర్లకు మామిడాకులు కట్టి, దిగి ఇంట్లోకి వచ్చేసరికి పూజ అయిపోయింది. లాప్‌టాప్ బార్లా తెరిచి ఉంది. ఒక్కో కీ మీద ఒక్కో కుంకుమ బొట్టు. ఒక్క కీ కూడా వదల్లేదు. సీటు దొంగకూ పెట్టింది. స్క్రీన్‌కు గంధం. పైన చామంతులు. ముందు పగలగొట్టిన టెంకాయ. టెంకాయ నీళ్ళు కీల సందుల్లో మెరుస్తున్నాయి.

"మూసి పెడితే దేవుడికెట్ల కనపడతాది? అందుకే తెరిచినా" అంది వాళ్ళమ్మ, ఆ ముఖంలో ఎంత సంతోషమో. "నీ పరీక్ష బాగా కావల్లని ప్రతిదానికీ మొక్కినా."

అక్క నా చేయి నొక్కింది. ఏమీ అనొద్దని. హారతి కళ్ళకద్దుకుని, తల్లి కాళ్ళకు మొక్కి, లాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని మేడ మీదికి వచ్చింది. గుడ్డతో తుడిచాం, దూది పుల్లలతో తుడిచాం, ఎండలో తలకిందులుగా ఆరబెట్టాం. సాయంత్రానికి ఆన్ చేస్తే, దేవుడి దయ, వెలిగింది. అక్షరాలు ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చాం. అన్నీ పలికాయి. ఎల్ దాటగానే అక్క వేలు లోపలికి దిగింది. కీ పైకి రాలేదు. స్క్రీన్ మీద ఏమీ పడలేదు.

కళ్ళున్న సున్నా చచ్చిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. అక్క ఒక క్షణం ఆ కీ వంకే చూసి, నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "ఏమ్మే, చూసినావా! ఇన్ని కీలుండాయి కదా, క్యూ పోవచ్చు కదా, ఎక్స్ పోవచ్చు కదా, ఎవురడుగుతారు వాటిని? పోయి పోయి ఇదే పోవల్లనా! ఏమి లెక్కగా కొట్టినాదమ్మా ఆ టెంకాయ!"

మరునాడు విజయదశమి. చింతామణిలో ఒక్క దుకాణం తెరవలేదు. క్లాసులో ఉన్న కీబోర్డులు తెచ్చి తగిలిద్దామంటే వాటి పిన్ను గుండ్రం, లాప్‌టాప్‌కున్న కంత నలుపలక. నేను పోనీ అమ్మకు చెప్పి, కాలేజీకి ఫోన్ చేసి ఇంకో రోజు అడుగుదామా అన్నాను. అక్క ముఖం ఒక్కసారిగా గట్టిపడింది.

"అమ్మకు తెలిస్తే ఇంగ దేనికీ బొట్టు పెట్టదు. తన చెయ్యే మంచిది కాదనుకుంటాది. ఆ మాట నీ నోట్లో నుంచి రాకూడదు."

సరేనని ఒట్టేశాను.

ఏ కీకి ఏ పని ఇవ్వాలో మార్చే విద్య అక్కకు తెలుసు. ఎవరికీ అక్కరకు రాని కాప్స్ లాక్‌ను ఎప్పుడో కంట్రోల్‌గా మార్చేసుకుంది. ఇప్పుడు సెమికోలన్ పనిని ఇంకో కీకి అప్పగించాలి. ఎవరికి? పై వరుసలో ఎఫ్1, ఎఫ్2 అనే ఎఫ్ కీలు ఉన్నాయి. అక్క చెప్పులు విడిచి ముగ్గు మీద నిలబడి, అక్షరాల మధ్య వరుస నుంచి ఎఫ్ కీ దాకా దూకి చూసింది. పడబోయింది. ఇన్సర్ట్ కీ ఉంది. అది ఇంకా దూరం. ఎండలో, నెత్తిన కొంగు వేసుకుని, ఆమె ఆ సున్నపు గళ్ళ మీద అటూ ఇటూ దూకుతుంటే పక్క మేడ మీద వడియాలు ఎండబెడుతున్న ఆమె పని మానేసి చూస్తూ నిలబడిపోయింది. చివరికి అక్క ఎ మీద ఎడమ కాలు పెట్టి, కిందికి వాల్చింది. జర్మనీ లాప్‌టాప్ వచ్చాక పిల్లలకు చూపించడానికి ముగ్గులో తనే అదనంగా గీసిన గడి మీద ఆ కాలు పడింది. అడుగు దూరం కూడా లేదు.

"సీటు దొంగ!" అని కేక పెట్టింది. "ఒసేయ్, వీడే! ఎడమ చిటికెనవేలు ఎ మీద ఊరకే కూర్చోనుంటాది కదా, రవంత వాలితే చాలు. ఇన్నాళ్ళూ వీన్ని తిట్టి తిట్టి పోసినా కదా! క్షమించు నాయనా!" ఆ గడిని తాకి నిజంగానే దండం పెట్టింది.

మార్చడం చిటికెలో అయిపోయింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. ఏళ్ళ తరబడి లైను చివర కుడి చిటికెనవేలు కొట్టిన దెబ్బ అది. ఆ వేలు మానుకోవడం లేదు. తల ఎడమ అంటుంది, వేలు కుడికి పోతుంది, చచ్చిన కీని నొక్కుతుంది, టక్కూ వినపడదు, స్క్రీన్ మీద ఏమీ పడదు. ఒక్క పగలు మాత్రమే చేతిలో ఉంది. అక్క దోసె తింటూ కంచం అంచు మీద ఎడమ చిటికెనవేలు ఆడించింది. బన్నీ ఆకు, అదే జమ్మి ఆకు, పంచడానికి వచ్చిన చుట్టాలతో మాట్లాడుతూ, ప్రతి మాట చివరా మోకాలి మీద ఎడమవేలు కొట్టింది. తోడుగా ఉండాలని నేనూ నేర్చుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, మాట ముగియగానే ఎడమవేలు కొట్టుకుంటూ కబుర్లు చెప్పుకున్నాం. చూసేవాళ్ళకు ఇద్దరికీ పిచ్చెక్కినట్టే ఉండేది. నాకు మాత్రం అంత సరదాగా గడిచిన పండగ ఇంకొకటి గుర్తులేదు.

అయినా మరునాడు బస్సులో కూర్చున్నాక కూడా పదిసార్లలో రెండుమూడుసార్లు కుడివేలే ముందు పోతోంది. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ బుట్టతో ఒకామె ఎక్కి మా పక్కన కూర్చుంది. దారం తీసే పనిచేసే మనిషని వేళ్ళు చూస్తేనే తెలుస్తోంది, వేడినీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అక్క సంచి మీద వేళ్ళాడిస్తుంటే కాసేపు చూసి, "ఏమ్మా, ఏం చేస్తాండావు?" అంది.

అడగడమే ఆలస్యం, అక్క మొత్తం కథ చెప్పేసింది. టెంకాయతో సహా. ఆమెకు కీలూ తెలియవు, సెమికోలన్లూ తెలియవు. అయినా చివరిదాకా విని, "పోకూడని వేలు పోతాంది, అంతే కదా? కట్టేయ్" అంది. చీర కుచ్చిళ్ళకు చిక్కుకున్న పట్టుపోగులు నాలుగు లాగి, పేనింది. అక్క కుడి చిటికెనవేలిని పక్క వేలితో కలిపి కట్టింది. "ఎద్దును కట్టినా తెగదు. పోయిరా, మంచి జరుగుతాది."

"చూసినావా!" అని అక్క నా వైపు తిరిగి ఆ కట్టు చూపించింది, బంగారు గాజు తొడిగించుకున్నంత సంబరంగా.

కాలేజీలో కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. బల్లకు అటువైపు ప్రిన్సిపాల్ మేడమ్, పక్కన కాలేజీ సెక్రటరీ. ఆయన చుట్టుపక్కల పల్లెల్లో భూములున్న రైతు, తెల్ల పంచె, మీసాలు. మేడమ్ చూపు నేరుగా కట్టు మీద పడింది.

"బెరళిగె ఏనాయ్తమ్మా?" అని కన్నడంలో అడిగారు. వేలికి ఏమైందని.

"ఏమీ కాలేదు మేడమ్, దీనికి ఈ పొద్దు సెలవిచ్చినా" అంది అక్క.

ప్రోగ్రాం నడిచింది. పేరు, తండ్రి పేరు, మార్కులు. మేడమ్ తలూపారు. సెక్రటరీ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అంతా బాగుండాది గానమ్మా, ఊరి పేరు అడగలేదే? మా పిల్లోళ్ళంతా బస్సుల్లో వచ్చేవాళ్ళు. ఏ ఊరి పిల్లో తెలియల్ల కదా. అది పెట్టు చూద్దాం."

ఇదే ఆ పరీక్ష. అక్క కళ్ళద్దాలు కిందికి దించింది. ఆమె వేళ్ళు కదిలాయి. లైను చివర కుడి చిటికెనవేలు ఉలిక్కిపడింది, పట్టుపోగు పట్టుకుని ఆపింది, ఎడమవేలు వాలింది. సెమికోలన్ పడింది. ఇంకో లైను. మళ్ళీ పడింది. ఎంటర్ కొట్టడానికి కట్టిన రెండు వేళ్ళూ జంటగా పోయి రావడం చూసి సెక్రటరీ మీసాల్లో నవ్వుకుంటున్నారు. నేను బల్ల కింద నా ఎడమవేలితో ఆమెతోపాటు ప్రతి సెమికోలన్ కొడుతున్నాను.

రాయడం అయింది. నడిపింది. స్క్రీన్ మీద ఎర్రగా ఒక లైను లేచింది. ఎక్కడో ఒక సెమికోలన్ పడలేదు.

అయిపోయింది, ఇక మండీయే అనుకున్నాను. అక్క చప్పట్లు కొట్టింది!

"చూడండి సార్, ఎంత మంచిదో ఇది! మనం మాట సగంలో నిలిపేస్తే మనుషులు ఏమో ఒకటి ఊహించుకుని పోతారు. ఇది పోదు. ఈ లైను తావ నీ మాట ముగియలేదు, ముగించి పో, అని అడుగుతాంది. పిల్లోళ్ళకు ఇది కోపం చేసుకునిందని భయం. కోపం కాదు సార్, దారి చూపిస్తాంది. మొదటి పాఠం నేను ఇదే చెప్తా." మాట్లాడుతూనే ఆ లైనుకు వెళ్ళి, ఎడమవేలు వాల్చింది. మళ్ళీ నడిపింది. ఊరి పేరు అడుగుతూ స్క్రీన్ నిలబడింది.

"ఏ ఊరు వెయ్యల్ల సార్?"

సెక్రటరీ ఆనందంగా, "మురుగమల్ల వెయ్యమ్మా, ఆడ మా చెల్లెలుండాది" అన్నారు. మేడమ్ మాత్రం స్క్రీన్ చూడటం లేదు. అక్క ఎడమ చేతినే చూస్తున్నారు. "ఆ కట్టు కథ ఇప్పుడు చెప్పండి" అన్నారు. అక్క చెప్పింది. కుంకుమ, టెంకాయ, సీటు దొంగ, శిడ్లఘట్ట బస్సు. మేడమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, మా ఇద్దరికీ కాఫీ తెప్పించారు. అక్కడే, ఆ గదిలోనే, ఎప్పుడు చేరతారని అడిగారు.

చింతపండు పండింది. మూటలు పై గదికెక్కాయి. మా క్లాసు చిక్కబళ్ళాపురానికి కదిలింది, నేనూ వెంట వెళ్ళాను. కాలేజీ మేడ మీద కూడా ముగ్గు పడింది. ఆ లాప్‌టాప్‌కు కొత్త కీబోర్డు బెంగళూరులో ఎంత వెతికినా దొరకలేదు. తర్వాత అక్కే వద్దంది. కుడి చిటికెనవేలికి ఇన్నేళ్ళకు విశ్రాంతి దొరికిందని, ప్రోగ్రాం రాసే ప్రతి మనిషికీ సెమికోలన్ ఎడమవైపే ఉండాలని, ఇది తెలియక ప్రపంచమంతా భుజాల నొప్పితో బాధపడుతోందని బస్సులో కనిపించినవాళ్ళందరికీ చెప్పేది.

మళ్ళీ మహర్నవమి వచ్చింది. చింతామణిలో వాళ్ళింట్లోనే ఉన్నాను. వాళ్ళమ్మ పళ్ళెం పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. కుంకుమ, గంధం, చామంతులు, టెంకాయ. అక్క లాప్‌టాప్ తనే తెచ్చి, తనే తెరిచి, తల్లి ముందు పెట్టింది. సీటు దొంగ మీద వేలు పెట్టి, "ఈసారి దీనికొక్కదానికే పెట్టుమా. ఇది శానా పని చేసినాది" అంది.

వాళ్ళమ్మ వంగింది. కుంకుమ ఎక్కువైతే రాలుతుందని వేలు కొంగుకు తుడుచుకుని, పొడి వేలితో ఆ ఒక్క కీ మీద చిన్న చుక్క పెట్టింది. తర్వాత టెంకాయ తీసుకుని లేచి, గది దాటి, వసారా దాటి, వీధి మెట్ల దాకా నడిచింది.

"యాడికి పోతాండావుమా?" అంది అక్క.

"ఈడ్నే కొడతాలే. పోయినేడు దాని గొంతు పట్టేసినాది కదా నా టెంకాయతో" అంది ఆమె, వెనక్కి తిరక్కుండా.

అక్క నా వైపు చూసింది. నేను చెప్పలేదని తలూపాను. ఒట్టు.

"ఎవురూ చెప్పల్లేదు లేమ్మణ్ణీ. ఇన్నేండ్లు నీ పక్కన కూర్చోని గింజలు తీసినా, నాకు తెలీదా? లైను ఆఖర్న టక్కుమనేది. పండగ మరుసటి దినం నుంచీ అది వినపడలే. నువ్వు చెప్పలేదని నేనూ అడగల్లేదు."

మెట్ల మీద టెంకాయ పగిలింది. అక్క లాప్‌టాప్ ముందు అలాగే కూర్చుని ఉంది. కళ్ళద్దాలు నెత్తి మీద, నోరు సగం తెరిచి. మాట రాలేదు. వాళ్ళమ్మ చిప్పలు పట్టుకుని లోపలికి వచ్చి, కూతురి పక్కన చతికిలబడి, చింతపండు చేట ముందుకు లాక్కుంది.

"ఊరకే కూర్చోనుండావేమి? కొట్టు. గట్టిగా కొట్టు. ఎడమ చెయ్యయితే ఏమి, నాకు వినపడల్ల."